స్కేలు పెట్టి సరిచేసిన గీత

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నలుగురు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో నాకు కాఫీ ఇప్పించి, "మీ సర్వీసులో మర్చిపోలేని బావి ఏదండీ?" అని అడిగారు. గ్యాస్ విపరీతంగా పడిన బావి గురించి చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పడం మొదలుపెట్టిన బావిలో నుంచి ఒక్క రోజు కూడా ఎవరి పొయ్యికీ గ్యాస్ పోలేదు. సగం చెప్పేసరికి వాళ్ళలో ఒకరికి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, అందరూ లేచిపోయారు. వాళ్ళు విన్న సగంలో నేను బాగా తెలివైనవాడిగా కనిపిస్తాను. అది అలా ఉండిపోకూడదని మొత్తం రాస్తున్నాను.

నేలలో కిలోమీటర్ల లోతుకు బావి తవ్వుతున్నప్పుడు చుట్టూ ఉన్న రాయి ఎంత ఒత్తిడికి తట్టుకుంటుంది, ఎక్కడ పగులుతుంది అని లెక్కగట్టి చెప్పడం నా ఉద్యోగం. కృష్ణా డెల్టా కింద లోతున ఉన్న రాయిలో ఎక్కువ భాగం షేల్. పేరుకు రాయి గానీ పుట్టుకతో బురద. ఎప్పటివో నదులు సముద్రంలో పోసిన ఒండ్రు మీద మళ్ళీ ఒండ్రు పడి, ఆ బరువుకు నొక్కుకుని పలకలుగా గట్టిపడిన మట్టి.

మా వృత్తిలో షేల్‌కు మంచి పేరుంది. దానిలోని రంధ్రాలు ఎంత సన్నవంటే వాటిలోంచి గ్యాస్ దూరి పైకి రాలేదు. గ్యాస్ దాచుకున్న ఇసుకరాయి మీద షేల్ మూతలాగా కూర్చుంటుంది. "షేల్ కారదు" అనేది నేను చేరిన మొదటి నెలలో మా పెద్దవాళ్ళ నోట విన్న మాట. నేను జాతకాన్ని ప్రశ్నించాను. వాస్తును, శకునాన్ని, బాబాల విభూతిని ప్రశ్నించాను. ఊరూరా సభల్లో మాట్లాడాను, కరపత్రాలు రాశాను, పెళ్ళిళ్ళలో బంధువులతో పోట్లాడాను. ఈ రెండు ముక్కల వాక్యాన్ని మాత్రం ముప్పై ఏళ్ళు ప్రశ్నించలేదు. అది సైన్సు కదా అనుకున్నాను.

నిజానికి సైన్సు చెప్పేది వేరు. మట్టి మీద బరువు పడితే లోపలి నీరు మెల్లగా బయటికి పోయి, రేణువులు దగ్గరికి జరిగి రాయి గట్టిపడాలి. మన దగ్గర ఒండ్రు తొందరగా వచ్చి పడింది. నీటికి బయటపడే వ్యవధి దొరకలేదు. అది లోపలే చిక్కుకుని పై బరువులో కొంత తనే మోస్తూ ఉంటుంది. అలాంటి షేల్ చూడటానికి రాయే కానీ, సగం నీటి మీద నిలబడి ఉంటుంది. బయటి నుంచి మరికాస్త ఒత్తిడి పెడితే నెర్రె ఇస్తుంది. ఒత్తిడి తగ్గిస్తే ఆ నెర్రె మూసుకుంటుంది. మళ్ళీ పెంచితే అక్కడే తెరుచుకుంటుంది. మూసుకున్నప్పుడు వెళ్ళి చూసినవాడు ఏమీ లేదంటాడు. ఈ సంగతి ఇప్పటి పిల్లల పాఠ్యపుస్తకంలో ఉంది, మా పాఠ్యపుస్తకంలోనూ ఉండేది.

బావి చల్లపల్లి దాటాక, చేల మధ్య. అక్కడ నాతో పనిచేసిన మడ్ ఇంజినీరు గురించి ముందు చెప్పాలి. బావి తవ్వేటప్పుడు లోపల ఒక చిక్కటి బురద ద్రవాన్ని తిప్పుతూ ఉంటారు. దాన్నే మడ్ అంటాం. కింది గ్యాస్ పైకి తన్నకుండా ఆ ద్రవం తన బరువుతో అణిచి ఉంచుతుంది. మరీ తేలికైతే గ్యాస్ లేస్తుంది, మరీ బరువైతే రాయి పగులుతుంది. ఆ బరువు చూసుకునేది ఆయన. ఏటా మాల వేసుకుంటాడు గనుక బావి తవ్వే రిగ్గు మీద అందరూ స్వామీ అనే పిలిచేవారు. బావి మొదలుపెట్టే రోజు ఆయన కొబ్బరికాయ కొట్టకుండా యంత్రం కదలనిచ్చేవాడు కాదు. నేను ఆ చెక్క తినేవాణ్ణి, దణ్ణం పెట్టేవాణ్ణి కాదు.

"గురూగారూ, ప్రసాదం మీద మాత్రం మీకు ద్వేషం లేదే?" అనేవాడు.

"కొబ్బరి మీద నాకేం కోపం స్వామీ? అది రుజువైన పదార్థం."

ఇలా పదేళ్ళు సాగింది మా స్నేహం.

కొంత లోతు తవ్వాక ఇనప గొట్టం దించి, చుట్టూ సిమెంటు పోసి, దాని కింద కొన్ని మీటర్ల కొత్త రాయి తవ్వి ఒక పరీక్ష చేస్తాం. పైన మూసేసి, లోపలికి కొంచెం కొంచెంగా మడ్ పంపు చేస్తాం. పంపిన ప్రతిసారీ ఒత్తిడి ఒకే లెక్కన పెరుగుతూ పోతే, గ్రాఫ్ మీద చుక్కలన్నీ ఒకే సరళరేఖలో పడతాయి. రాయి పగలడం మొదలుపెడితే మడ్‌ని తాగుతుంది, ఒత్తిడి అంతకు ముందులా పెరగదు, గీత వంగుతుంది. వంగిన చోటే ఆ రాయి ఓర్పుకు హద్దు. అక్కడి నుంచి ఎంత బరువైన మడ్ వాడొచ్చో ఆ అంకెను బట్టి తేలుతుంది.

మాకొక అలవాటు ఉండేది. పరీక్షకు ముందే పక్క బావిలో వచ్చిన అంకెను పెన్సిల్‌తో గ్రాఫ్ కాగితం అంచున రాసిపెట్టుకునేవాళ్ళం. అదే షేల్ కదా, అదే అంకె రావాలి కదా అని. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నాకు నేర్పిన ఆయన అలాగే చేసేవాడు, నేను నేర్పినవాళ్ళూ అలాగే చేశారు.

ఆ రోజు ఎనిమిది చుక్కలు పెట్టాం. ఐదు చక్కగా వచ్చాయి. చివరి మూడు కాస్త కిందికి జారాయి. పక్క బావి అంకెకు చాలా ముందే గీత వంగుతోందన్నమాట. నేను స్కేలు తీసి ఐదు చుక్కల మీద పెట్టి గీతను తిన్నగా పైదాకా లాగాను. కింద మూడు చుక్కలు గీత పక్కన అనాథల్లా మిగిలాయి.

"పంపులో గాలి దూరింది," అన్నాను.

"మళ్ళీ ఒకసారి చేద్దామా గురూగారూ? గంట పని," అన్నాడు స్వామి.

"నీకు కొబ్బరికాయ మీదున్న నమ్మకం ఈ షేల్ మీద లేదేం స్వామీ?"

క్యాబిన్‌లో ఉన్న అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను సంతకం చేశాను.

తర్వాత పది రోజులు బావి లోతుకు పోయింది. ఒక విచిత్రం మొదలైంది. పంపు నడుస్తుంటే పైన తొట్టెలో మడ్ మట్టం కొద్దిగా తగ్గేది. పంపు ఆపితే తగ్గిందంతా తిరిగి వచ్చేది. తిరిగి వస్తోందంటే కింద నుంచి గ్యాస్ నెడుతోందని నేను తీర్మానించాను. గ్యాస్ నెడితే మందు ఒకటే, మడ్ బరువు పెంచడం. ఒకసారి పెంచాం. తగ్గడం, తిరిగి రావడం ఇంకా ఎక్కువైంది. మళ్ళీ పెంచాలని ప్రతిపాదన రాసి విజయవాడ ఆఫీసుకు పంపాను, అనుమతి వచ్చింది. స్వామి మాత్రం తొట్టె మట్టాన్ని అరగంటకోసారి రిజిస్టరులో రాస్తూ కూర్చున్నాడు.

అదే వారం ఊళ్ళో గొడవ లేచింది. రిగ్గుకు రెండు పొలాల అవతల ఒక ఇంటి పెరట్లో చేతిపంపు ఉంది. దాని నీళ్ళు బుసబుసా పొంగుతున్నాయట. ఎవరో కర్పూరం వెలిగించబోతే పంపు మూతి దగ్గర నీలం మంట లేచిందట. ఇంకేముంది, పంపుకు పసుపు, కుంకుమ, చీర. అమ్మవారు వెలిసిందని పక్క ఊళ్ళ నుంచి ఆటోలు.

నాకు అంతకంటే ఏం కావాలి? మా హేతువాద సంఘం కుర్రాళ్ళు మైకు తెచ్చారు. పంచాయతీ అరుగు మీద నలభై నిమిషాలు మాట్లాడాను. చెరువుల అడుగున, పాత కాలవల కింద కుళ్ళిన ఆకుల నుంచి వాయువు పుడుతుందని, అది నిప్పు తగిలితే మండుతుందని, ఇందులో దేవతా లేదు, మహిమా లేదని చెప్పాను. చెప్పిన రసాయనశాస్త్రమంతా నిజమే. ఆ పంపుకు వర్తిస్తుందా లేదా అని మాత్రం చూడలేదు. చప్పట్లు బాగా పడ్డాయి.

వెనక నుంచి అరవై ఏళ్ళావిడ లేచింది. చేతిపంపు ఆమెదే. కొడుకు గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర కారు నడుపుతాడు, వారానికోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది ఆమె, కోడలు, మూడు నెలల పసిపిల్ల. ఊళ్ళో సగం ఇళ్ళకు పాలు పోస్తుంది.

"ఏవండీ ఇంజినీరు గారూ, దేవతో దెయ్యమో నాకు తెలవదు గానీ, ఒక్క మాట. మీ ఇంజను గట్టిగా మోగినప్పుడే నీళ్ళు ఉడుకుతున్నయ్యేంటండీ? ఆగితే ఆగిపోతున్నయ్యి."

"అదంతా కాకతాళీయం అమ్మా."

"అప్పటికప్పుడు కాదండీ. మీరు ఇంజను మొదలెడితే, నేను రెండు గేదెలు పితికి దూడల్ని వదిలేసరికి ఉడకటం మొదలు. ఆపినా అంతే, అంతసేపటికే ఆగుద్ది. వారం నుంచీ చూస్తున్నా."

నేను నవ్వాను. మైకు నోటి దగ్గరే ఉంది. "అయితే మా ఇంజను మోగినప్పుడు మీ గేదెలు కూడా రెండు లీటర్లు ఎక్కువిస్తున్నాయేమో కొలిచి చూడండమ్మా!"

సభంతా గొల్లుమంది. ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది.

తిరిగి వస్తూ జీపులో నేను హుషారుగా ఉన్నాను. స్వామి కూడా సభకు వచ్చాడు. రిగ్గు దగ్గర దిగాక తన రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"గురూగారూ, మీరు ఆవిడ మీద జోకు వేశారు. బాగానే పేలింది. కానీ ఆవిడ చెప్పింది నా రిజిస్టరులో ఉందండీ. పంపు నడిస్తే మన మడ్ ఎక్కడికో పోతోంది, ఆపితే వెనక్కి వస్తోంది. పంపు నడిస్తే ఆవిడ నీళ్ళు ఉడుకుతున్నాయి, ఆపితే ఆగుతున్నాయి."

"అంటే నీ అమ్మవారు..."

"అమ్మవార్ని మధ్యలోకి తేకండి. నేను తేలేదుగా?"

ఆ మాటకు నాకు సిగ్గు వేసింది. ఫైలు తీశాను. గ్రాఫ్ కాగితం, అంచున పెన్సిల్ అంకె, స్కేలు గీత, పక్కన మూడు చుక్కలు. రబ్బరుతో గీత చెరిపేశాను. ఎనిమిది చుక్కలే మిగిలాయి. స్కేలు లేకుండా చేత్తో వాటిని కలిపాను. గీత ఐదో చుక్క దగ్గర వంగింది. ఆ లెక్కన మేం అప్పటికే వాడుతున్న మడ్ ఆ షేల్ మోయగలిగిన దానికంటే బరువు. పంపు నడిచినప్పుడల్లా ఒత్తిడి పెరిగి నెర్రె తెరుచుకుని మడ్ తాగుతోంది, ఆగినప్పుడు మూసుకుంటూ కక్కుతోంది. నేను దాన్ని గ్యాస్ నెట్టడం అనుకుని ఇంకా బరువు వేయించాను. కింద ఇసుకరాయిలో ఉన్న గ్యాస్ ఆ నెర్రెల వెంట పైకి పాకి, చేతిపంపు నీళ్ళున్న ఇసుక పొరలో చేరుతోంది. మర్నాడు పది గంటలకు మరింత బరువైన మడ్ దించాలి. అది కూడా నా సంతకంతోనే. నెర్రె ఇంకా సాగితే చేతిపంపులో బుడగలతో ఆగదు. చేతిపంపుకు నాలుగడుగుల దూరంలో ఆ ఇంటి వంటగది ఉంది. అందులో పొయ్యి ఉంది. దాని పక్క గదిలో ఉయ్యాల.

ఇదంతా ఇంకా ఊహే. గ్రాఫ్ ఒకసారి నన్ను మోసం చేసింది, అనబోయి ఆగుతున్నాను. గ్రాఫ్‌ను నేను మోసం చేశాను. కాబట్టి పరీక్షించి చూడాలనుకున్నాను.

తెల్లవారి ఆరింటికి ఆ ఇంటికి వెళ్ళాను. ఆమె గేదె దగ్గర ఉంది.

"ఏంటండీ, పాలు కొలవటానికొచ్చారా?" అంది తల ఎత్తకుండా.

"మిమ్మల్ని అడగటానికి వచ్చానమ్మా. నిన్న అన్నది మళ్ళీ చెప్పండి. ఎంతసేపు పడుతుందన్నారు?"

ఆమె నన్ను కాసేపు చూసింది. "చెప్పటం దేనికి? ఆ బకెట్ నీళ్ళు పట్టి చూడండి. ఇప్పుడు ఉడుకుతున్నయ్యి."

నిజమే, బకెట్‌లో నీళ్ళు సోడాలా బుడగలు వదులుతున్నాయి. ముందు పొయ్యి ఆర్పించాను. కోడల్నీ పాపనూ వీధి చివర బంధువుల ఇంటికి పంపమన్నాను. ఆమె ఎందుకని అడగలేదు, "అమ్మాయ్, పాపను తీసుకుని అత్త వాళ్ళింటికి పద," అని కేకేసింది. పసుపు రాసిన పంపు దగ్గర దీపం పెట్టడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళను కూడా ఆమే తరిమింది. తర్వాత స్వామికి ఫోన్ చేశాను.

"పంపు ఆపు స్వామీ. ఇంకేం ముట్టుకోకు."

రిగ్గు వైపు నుంచి వచ్చే హోరు ఆగింది. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. ఆమె చెంబు తీసుకుని రెండో గేదె దగ్గర కూర్చుంది.

"మీరు కూడా కూర్చోండి. చూస్తుంటే తొందరగా ఆగదు."

నేను బోర్లించిన తొట్టి మీద కూర్చున్నాను. ఆమె పాలు పితికింది, దూడను వదిలింది. ముప్పావు గంట దగ్గరపడుతుండగా బకెట్ మార్చి మళ్ళీ పట్టాను. బుడగలు పలచబడ్డాయి. మరో బకెట్ పట్టాను. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. వాటిలో నా ముఖం కనిపించింది, అంత బాగా లేదు.

"ఇప్పుడు ఇదివరకటి వేగంతోనే నడుపు, అంతకు మించొద్దు," అన్నాను ఫోన్‌లో. హోరు మొదలైంది. మళ్ళీ ముప్పావు గంట. మళ్ళీ బుడగలు.

"ఇంకా అనుమానమా?" అంది ఆమె.

"ఇంకొక్కసారి ఆపి చూస్తానమ్మా."

"చూడండి. నేను ఏడుసార్లు చూశా."

రెండోసారి కూడా ఆగాయి. తొమ్మిదిన్నర దాటింది. పది గంటలకు వెయ్యాల్సిన మడ్ తొట్టెల్లో సిద్ధంగా ఉంది. అక్కడి నుంచే విజయవాడలో మా పెద్ద సారుకు ఫోన్ చేశాను.

"ఎవరో పాలావిడ బకెట్ చూసి బావి ఆపమంటావేంటయ్యా?"

"ఆవిడ బకెట్, స్వామి రిజిస్టరు, నా గ్రాఫ్ మూడూ ఒకటే చెబుతున్నాయి సార్."

"నీ గ్రాఫ్ బ్రహ్మాండంగా ఉందిగా, నువ్వు పంపిన కాపీ నా ముందే ఉంది. సంతకం నీదేగా?"

"సంతకం నాదే సార్. గీత స్కేలుది. చివరి మూడు చుక్కలు చూడండి."

కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. ఆయన కూడా ఒకప్పుడు బావుల దగ్గర పనిచేసినవాడే. "గాలి అని రాశావేం?" అన్నాడు.

"పక్క బావి అంకె రావాలని సార్."

"ఆపెయ్," అన్నాడు. "నేను వస్తున్నా. నీ మీద ఏం రాయాలో తర్వాత చూస్తా." తర్వాత చూశాడు కూడా. చాలా వివరంగా రాశాడు. నాకు రావలసిన ఆఖరి ప్రమోషన్ అందులోనే పోయింది, అది న్యాయమే.

ఆ రోజు కొత్త మడ్ దించలేదు. ఉన్నదాని బరువు జాగ్రత్తగా తగ్గించుకుంటూ, షేల్ మోయగలిగిన హద్దులోకి తెచ్చి, అడుగున సిమెంటు పోసి బావిని మూశాం. చేతిపంపు వాయువును సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపాం. కుళ్ళిన ఆకుల వాయువులో ఉండని, లోతైన రాళ్ళ గ్యాస్‌లోనే తగిలే బరువైన వాయువులు అందులో దొరికాయి. ఇక మాట్లాడటానికేం లేదు, నేను మళ్ళీ మాట్లాడటం తప్ప.

అదే అరుగు, అదే మైకు, అవే ముఖాలు. నేను తప్పు చెప్పానని, ఆ గ్యాస్ మా బావిదేనని, పరీక్ష గీతను నేనే దిద్దానని, ఆవిడ చూసి చెప్పినదాన్ని వెక్కిరించానని చెప్పాను. అందరి ముందూ ఆమెను క్షమించమని అడిగాను. ఐదు నిమిషాలు పట్టింది. నలభై నిమిషాల అబద్ధానికి పడిన చప్పట్లలో పదోవంతు కూడా పడలేదు.

మా సంఘం కుర్రాడొకడు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఎవరైనా బెదిరించారా సార్? ఇలా చెబితే పూజలు చేసేవాళ్ళకు అలుసైపోమా?" అన్నాడు. నేను తప్పు చెప్పినప్పుడు నన్ను సంపూర్ణంగా నమ్మినవాడు, నిజం చెప్పేసరికి శంకిస్తున్నాడు. వాడికి ఆ నమ్మకం నేర్పింది నేనే. పక్కనుంచి ఇంకొకాయన, "అమ్మవారు చూడండి, ఈయన చేతే ఒప్పించింది," అన్నాడు సంతోషంగా. ఇద్దరికీ జవాబు చెప్పే ఓపిక ఆ రోజు లేకపోయింది. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, ఒకటే జవాబు ఇద్దరికీ సరిపోతుందని ఇప్పుడు అనిపిస్తోంది. మనవాళ్ళు, వాళ్ళు అని లెక్కలు చూసుకునే చోట హేతువు ఉండదు. ఉండేది రెండు గుంపులే.

ఆమె దగ్గరికి వెళ్ళాను. "ఇక భయం లేదమ్మా. బావి మూసేశాం. కోడల్ని, పాపను తెచ్చుకోవచ్చు."

"మీరు చెప్పారు, బాగానే ఉంది," అంది. "నేను చూసుకుంటా."

ఆ ఇల్లు నివాసానికి సురక్షితమని ధ్రువీకరించే కాగితం మీద సంతకం చేయాల్సింది నేనే. కొలత పరికరాలు మూడో రోజుకే అంతా సరిగా ఉందని చూపించాయి. ఆఫీసు నుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి, ఫైలు మూసేయాలని. ఆమె మాత్రం పొయ్యిని పశువుల పాక అవతల చిల్లులు పడ్డ రేకుల కింద పెట్టుకుని అక్కడే వండుకుంటోంది. ఉదయం, సాయంత్రం పాలు పితికాక బకెట్ నీళ్ళు పట్టి చూస్తోంది. నేనూ రోజూ వెళ్ళి పరికరం పెట్టి చూశాను. ఆమె నా పరికరం వైపు చూడలేదు, నేను ఆమె బకెట్ వైపు చూశాను. ఒక వాన పడింది, ఒక ఎండ కాసింది. నీళ్ళు కదల్లేదు.

పదకొండో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి రేకుల కింద బూడిదే ఉంది. వంటగదిలోంచి పోపు వాసన వస్తోంది, గదిలో పాప ఏడుస్తోంది. అరుగు మీద కూర్చుని కాగితం తీసి సంతకం చేశాను. ఆలస్యానికి కారణం రాయమన్న గడిలో, "ఇంటి యజమానురాలి పరిశీలన పూర్తి కావలసి ఉండెను" అని రాశాను.